యంత్రమిత్ర : పాత జీపుకు కొత్త గుండె అవసరమా?

ఈ శీర్షికను క్రమం తప్పక చదివే ఒక మిత్రులు ఇటీవల ఒక ఉత్తరం వ్రాశారు. వారు మన సంస్థలోనే మరొక యూనిట్‌లో పనిచేస్తూ వచ్చే మార్చిలో పదవీ విరమణ చేయనున్నారు. వారి కీర్తిశేషులైన తండ్రిగారు నాగార్జునసాగర్ నిర్మాణకాలంలో చిన్న గుత్తేదారుగా ఉండి, మిలిటరీ వేలంలో వచ్చిన ఒక విల్లీస్ జీపును వాడేవారట. ఎడమచేతి స్టీరింగుతో ఉన్న ఆ జీపు నేటికీ పల్నాడులోని వారి స్వగ్రామంలో పశువులకొట్టం ప్రక్కన నిలిచి ఉంది. ఇంజన్ తిరుగుతుంది గాని పొగ, నూనె ఖర్చు ఎక్కువ. కుమారుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. దానిని బాగుచేయించి అడవిదారులలో తిరగాలని అతని కోరిక. ఊరి మేస్త్రీ సలహా మరొకటి: పెట్రోలు ఇంజన్ తీసివేసి పాత మహీంద్రా జీపులోని డీజిల్ ఇంజన్ అమర్చడం, కమానులు ఎత్తుచేయడం, వెడల్పు టైర్లు, పవర్ స్టీరింగు, ముందు బలమైన ఇనుప గార్డు. అన్నీ కలిపి రెండున్నర లక్షలు. "పదవీ విరమణ సొమ్ములోంచి పెట్టవలసిన ఖర్చు. మీరైతే ఏమి చేస్తారు?" అన్నది వారి ప్రశ్న.

ఈ ప్రశ్న వారి ఒక్కరిదే కాదు. మన ఉద్యోగుల ఇళ్ళలోను, వారి స్వగ్రామాలలోను ఇటువంటి పాత జీపులు కొన్నైనా ఉండి ఉంటాయి. నా వద్ద కూడా 1944 నాటి విల్లీస్ ఒకటి ఉన్నది. నేను కొనేనాటికి దానిలో డీజిల్ ఇంజన్ ఉండేది. దానిని తీసివేసి, మూలరూపానికి తేవడానికి నాకు నాలుగు సంవత్సరాలు పట్టింది. కనుక రెండు ప్రక్కలా చూసినవాడిగా ఈ మాసం ఆ విషయమే వ్రాస్తున్నాను.

ఎక్కడి బండి, ఎలా వచ్చింది?

1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగగల ఒక తేలికపాటి వాహనం కావాలని కర్మాగారాలను కోరింది. పెన్సిల్వేనియాలోని బాంటమ్ కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రూపకల్పనతో అదే సంవత్సరం సెప్టెంబరు 23న తొలి నమూనాను అప్పగించింది. అయితే భారీ ఉత్పత్తి మాత్రం విల్లీస్, ఫోర్డు కంపెనీల చేతికి వెళ్ళింది. యుద్ధం ముగిసేనాటికి ఆ రెండూ కలిపి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. విల్లీస్ తయారీకి ఎంబీ అనీ, ఫోర్డు తయారీకి జీపీడబ్ల్యూ అనీ పేర్లు.

అస్సాంలోని లేడో నుండి బర్మా మీదుగా చైనాకు వేసిన యుద్ధకాలపు రహదారి పుణ్యమా అని ఈ బండ్లు మన దేశానికి విరివిగా వచ్చాయి. యుద్ధానంతరం మిగిలినవి వేలంలో అమ్ముడై తోటల యజమానులకు, గుత్తేదారులకు, భూస్వాములకు చేరాయి. 1949లో బొంబాయిలోని మజగాఁవ్‌లో మహీంద్రా వారు దిగుమతి చేసుకున్న విడిభాగాలతో జీపులను కూర్చడం ప్రారంభించారు. మన దేశంలో ఈ బండికి నేటికీ కొన్ని భాగాలు దొరకడానికి కారణం ఆ వంశం ఇక్కడ అంత దీర్ఘకాలం కొనసాగడమే.

కొనుగోలు విషయంలో చరిత్ర చెప్పే ఒక హెచ్చరిక కూడా ఉన్నది. 1948లో మన ప్రభుత్వం ఇంగ్లండులోని ఒక సంస్థ ద్వారా 2,000 వాడిన జీపులను కొనడానికి ఒప్పందం చేసుకున్నది. వచ్చినవి 155. అవి కూడా పనికిరాని స్థితిలో ఉన్నాయి. ఆ వ్యవహారం చాలాకాలం పార్లమెంటులో చర్చనీయాంశమైంది. పాత జీపును కంటితో చూడకుండా, చేతితో తట్టకుండా సొమ్ము చెల్లించరాదన్న సూత్రం నాటికీ నేటికీ ఒక్కటే.

ముందుగా చేయవలసినది గుర్తింపు. విల్లీస్ తయారీ అయితే రేడియేటరు క్రింద చాసిస్ అడ్డుకమ్మీ గుండ్రటి గొట్టంలా ఉంటుంది. ఫోర్డుదైతే తలక్రిందులైన ‘యు’ ఆకారపు రేకు. ఫోర్డు బోల్టుల తలలపై ‘ఎఫ్’ అక్షరం కనిపిస్తుంది. చాసిస్ నంబరు విల్లీస్‌లో ఎడమ కమ్మీ లోపలివైపు ముందుభాగాన బిగించిన పలకపై ఉంటుంది. ఫోర్డులో ఎడమ కమ్మీ పైభాగానే చెక్కి ఉంటుంది. ఆ నంబరును రిజిస్ట్రేషన్ పుస్తకంతో సరిచూసుకున్న తరువాతనే తక్కిన ఆలోచన.

ఆ పాత ఇంజన్ నిజంగా బలహీనమైనదా?

2,199 సీసీ సామర్థ్యం, నాలుగు సిలిండర్లు, ప్రక్క వాల్వులు, 4,000 చుట్ల వద్ద 60 అశ్వశక్తి, సుమారు 142 న్యూటన్ మీటర్ల టార్కు. నేటి చిన్న కారుతో పోల్చినా ఈ అంకెలు గొప్పవిగా కనిపించవు. కాని బండి బరువు సుమారు 1,110 కిలోలు మాత్రమే. మొదటి గేరు నిష్పత్తి 2.665, ట్రాన్స్‌ఫర్ కేసులోని తక్కువ గేరు 1.97, ఇరుసు నిష్పత్తి 4.88. ఈ మూడింటినీ గుణిస్తే 25.6 వస్తుంది. ఇంజన్ టార్కును దానితో హెచ్చవేసి, చక్రపు వ్యాసార్థమైన 0.35 మీటరుతో భాగిస్తే చక్రాల వద్ద లాగే బలం, రాపిడి నష్టాలను లెక్కించకుండా, సుమారు 10,400 న్యూటన్లు. అనగా దాదాపు బండి బరువుకు సమానం. ఇంజన్ ఆగిపోక ముందే చక్రాలు నేలపై జారిపోతాయి. కొండదారిలో కొరవడేది పట్టు మాత్రమే, శక్తి కాదు. అడవిదారి కోసం ఇంజన్ మార్చాలన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

మరి మన పెద్దలు ఎందుకు మార్పించారు? వారికి జీపు వినోదసాధనం కాదు, అన్నం పెట్టే బండి. 1973 తరువాత చమురు ధరలు పెరిగినప్పుడు, లీటరు పెట్రోలుకు ఏడెనిమిది కిలోమీటర్లు నడిచే బండిని భరించడం కష్టమైంది. డీజిల్ చవక, ట్రాక్టరు మేస్త్రీ ప్రతి ఊరిలోనూ ఉంటాడు. ఆనాటి లెక్కకు ఆ మార్పు సబబే. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ తొలగిన తరువాత ఆ వ్యత్యాసం బాగా తగ్గిపోయింది. ఏటా వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ మిగులుతో ఇంజన్ మార్పు ఖర్చు ఒక జీవితకాలంలో కూడా తిరిగి రాదు.

ఒకటి మారిస్తే ఏమేమి మారుతుంది?

మన కర్మాగారంలో ఒక పంపు మోటారును పెద్దదానితో మార్చాలంటే ఏమి చేస్తాము? పునాది, కప్లింగు, కేబులు, రిలే అన్నీ తిరిగి లెక్కించి, అనుమతిపత్రంపై సంతకాలు అయిన తరువాతనే పాత మోటారు బోల్టులు విప్పుతాము. ఇంటి వద్ద జీపు విషయంలో మాత్రం ఆ క్రమశిక్షణ మరచిపోతాము.

పాత మహీంద్రా జీపులలో వచ్చిన 2,112 సీసీ ప్యూజో రకం డీజిల్ ఇంజన్ శక్తి సుమారు 62 అశ్వశక్తి. పాత పెట్రోలు ఇంజన్ కంటె రెండే ఎక్కువ. బరువు మాత్రం బాగా ఎక్కువ. ఆ బరువంతా ముందు ఇరుసుపై పడుతుంది. కమాను కట్టలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది. అప్పుడే పవర్ స్టీరింగు ‘అవసరం’ అవుతుంది. డీజిల్ అదురుకు ఇంజన్ దిమ్మల వద్ద చాసిస్ పగుళ్ళు తీస్తుంది. యుద్ధకాలపు జీపులోని టీ-84 గేర్‌బాక్సు తేలికపాటిది. యుద్ధానంతరపు జీపులలో విల్లీస్ వారే దానికి బదులు బలమైన టీ-90 వాడారు. డీజిల్ ఇంజన్ కుదుపులను ఆ పాత పళ్ళు ఎక్కువకాలం భరించలేవు. నా బండిలో మునుపటి యజమాని రెండుసార్లు గేర్‌బాక్సు మార్పించినట్లు రసీదులు ఉన్నాయి. బండి ముందుభాగపు గోడను ఇంజన్ పట్టడం కోసం కోసివేశారు. ఆ కోతను తిరిగి పూడ్చడమే నాకు అన్నిటికంటె కష్టమైన పని.

ఇక ట్రాక్టరు జాతికి చెందిన నెమ్మది డీజిల్ ఇంజన్ అమర్చితే మరొక సమస్య. అది 2,500 చుట్లకు మించి హాయిగా తిరగదు. ఇరుసు నిష్పత్తి 4.88 వద్ద, చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు నడుస్తుంది గనుక, వేగం గంటకు 68 కిలోమీటర్ల వద్ద ఆగిపోతుంది. అది చాలదని ఇరుసు పళ్ళు మారుస్తారు. వేగం పెరిగితే బ్రేకులు చాలవు. ఈ బండికి ఉన్నవి 9 అంగుళాల డ్రమ్ములు, ఒకే వలయపు హైడ్రాలిక్ గొట్టాలు. 50 కిలోమీటర్ల వేగం నుండి 80కి వెళితే గతిశక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. ఆ వేడినంతా మింగవలసినది ఆ చిన్న డ్రమ్ములే.

ఎత్తు పెంచడం మరింత ప్రమాదకరం. జీపు చక్రాల మధ్య వెడల్పు 124 సెంటీమీటర్లు. ఉదాహరణకు గురుత్వకేంద్రం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. అప్పుడు లెక్కప్రకారం బండి ప్రక్కవాలుపై దాదాపు 44 డిగ్రీల వరకు నిలుస్తుంది. పది సెంటీమీటర్లు ఎత్తుచేస్తే అది 40 డిగ్రీలకు పడిపోతుంది. కదలని బండికే ఈ తేడా. మలుపులో వేగం, టైర్ల వంపు, పైన కూర్చున్న మనుషుల బరువు తోడైతే మిగిలే భద్రత ఇంకా తక్కువ. పైకప్పు లేని బండిలో ఆ నాలుగు డిగ్రీలు ప్రాణాలతో సమానం.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఇంజన్ మార్పుకు రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు ఆమోదం కావాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని కచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. అదే సంవత్సరపు సవరణ చట్టం అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నది. ముందుభాగాన ఇనుప గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు వ్రాసింది. మేస్త్రీ ఇచ్చిన జాబితాను ఈ వెలుగులో మరొకమారు చదువుకోవాలి. పుస్తకంలో పెట్రోలు, బండిలో డీజిల్ ఉంటే ప్రమాదం జరిగిన నాడు బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

దీనికి మరొక ప్రక్క మేలు కూడా ఉన్నది. 2021 జూలైలో కేంద్రం పాతకాలపు వాహనాల కొరకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉండి, చాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజన్‌లో గాని గణనీయమైన మార్పు జరగని సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా నమోదు చేసుకుంటే ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఇదివరకే నమోదైన బండి తన పాత నంబరునే నిలుపుకొనవచ్చును. నియమాలు నిర్ణయించిన రుసుము మొదటిసారి 20,000, ఆ తరువాత 5,000 రూపాయలు. గడువు పదేళ్ళు. అయితే ఇలా నమోదైన బండిని నిత్యవాడుకకు, వ్యాపారానికి తిప్పరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డెక్కాలి.

కనుక మిత్రులు ఎంచుకోవలసినది ఏ ఇంజన్ అన్నది కాదు. డీజిల్ ఇంజన్ అమర్చిన మరుక్షణం తండ్రిగారి బండి ఈ అర్హతను కోల్పోతుంది. ఇప్పటి దాని విలువంతా ఎవరూ కోయకుండా, అతకకుండా మిగిలిపోయినందువలన వచ్చినదే.

చేయదగిన పనులు

మూలరూపం నిలపడమంటే తుప్పును పూజించడం కాదు. ఏమి చేయాలో వరుసగా చెబుతాను.

మొదట కాగితాలు. పుస్తకం ఇంకా తండ్రిగారి పేరనే ఉంటే 31వ నంబరు ఫారంతో వారసుని పేరునకు మార్పించుకోవాలి. సోదరులు, సోదరీమణులు ఉంటే వారి సమ్మతి వ్రాతపూర్వకంగా తీసుకోవడం కుటుంబానికి మంచిది.

రెండవది బ్రేకులు. ఇంజన్ కంటె ముందు ఇవే. చక్రాల సిలిండర్ల రబ్బరు బుడ్డీలు, గొట్టాలు, మాస్టర్ సిలిండరు అన్నీ కొత్తవి వేయించాలి. ఈ బండి చేతిబ్రేకు చక్రాలను పట్టుకోదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న ఒక్క డ్రమ్మును పట్టుకొంటుంది. అక్కడ నూనె కారితే బ్రేకు లేనట్లే. వెనుక చక్రం ఒకటి జాకీపై లేపితే డిఫరెన్షియల్ కారణంగా చేతిబ్రేకు వేసి ఉన్నా బండి దొర్లుతుంది. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టకుండా ఈ జీపు క్రిందికి ఎవరూ దూరరాదు.

మూడవది ఇంజన్. సిలిండర్లు బోరింగు చేయించి పెద్ద కొలత పిస్టన్లు, రింగులు వేయవచ్చు. క్రాంకును రుబ్బించి తగిన బేరింగులు అమర్చవచ్చు. తరువాతి కాలంలో మన దేశంలో తయారైన హరికేన్ ఇంజన్ ఇదే వంశానిది కనుక క్రింది భాగపు సామాను చాలావరకు లభ్యం.

నాలుగవది ఇంధనం. నేడు బంకులలో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. అది పాత రబ్బరును, పెట్రోలు పంపు పొరను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలిచిన బండిలో నీరు అడుగుకు చేరి ట్యాంకు తుప్పుపడుతుంది. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు, పంపు పొర వేయించాలి. ఇథనాల్ వేడినిచ్చే గుణం పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే గనుక, మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. కార్బురేటరు జెట్టును కొద్దిగా పెద్దది చేయించడం మేలు. బండిని దీర్ఘకాలం నిలిపేముందు ట్యాంకు ఖాళీ చేయాలి.

ఐదవది విద్యుత్తు. మూలంలో ఇది 6 వోల్టుల బండి. 12 వోల్టులకు మారిస్తే అంతే వాట్లకు కరెంటు సగమవుతుంది. దీపాలు బాగా వెలుగుతాయి, బ్యాటరీ ఎక్కడైనా దొరుకుతుంది. పాత తీగలను కోయకుండా, పాత డైనమోను భద్రపరచి చేస్తే ఈ మార్పును ఎప్పుడైనా వెనుకకు తీసుకోవచ్చు. ఇటువంటి చిన్న మార్పుల విషయంలో నేను పాటించే కొలబద్ద ఒక్కటే: స్పానరుతో విప్పగలిగేది చేయవచ్చు, కోతయంత్రంతో చేసేది కూడదు.

టైర్లు 6.00-16 కొలతవే వేయాలి. నాలుగూ ఒకే అరుగుదలతో ఉండాలి. ఈ బండిలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. తారురోడ్డుపై ముందు ఇరుసు కలిపి నడిపితే గేర్లు మెలిపడి విరుగుతాయి. బురద, ఇసుక, రాళ్ళు వచ్చినప్పుడే ఆ లీవరు వాడాలి. ఎడమచేతి స్టీరింగు గురించి చట్టంలోని 120వ సెక్షన్ సంకేతపరికరం తప్పనిసరి అన్నది. అది అమర్చుకుంటే చాలు, స్టీరింగు ప్రక్క మార్చనవసరం లేదు. ముందున్న బండిని దాటేటప్పుడు కుడివైపు కూర్చున్న మనిషి కన్నులు కూడా డ్రైవరువే అనుకోవాలి. వెనుక చక్రాలపై ఉన్న రేకు మీద పిల్లలను కూర్చోబెట్టడం మన ఊళ్ళలో అలవాటు. దానిని మానుకోవాలి.

చివరకు నా సలహా

మిత్రులకు నా సమాధానం ఇది. రెండున్నర లక్షలలో డీజిల్ ఇంజన్, ఎత్తు, గార్డు కొట్టివేయండి. అదే సొమ్మును బ్రేకులకు, ఇంజన్ బోరింగుకు, తీగలకు, టైర్లకు ఖర్చుచేయండి. ఒక్కసారిగా కాక రెండు మూడేళ్ళలో చేయించండి. పదవీ విరమణ సొమ్ము ఒకే దఫా తరిగిపోదు, మీకు కూడా చేతినిండా పని ఉంటుంది. అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడల్లా అతనిచేతనే విప్పించి, అతనిచేతనే బిగింపించండి.

అతనికి ప్రతి వారం కొండలెక్కాలన్న కోరిక ఉంటే, నేటి భద్రతా ప్రమాణాలతో వచ్చే కొత్త నాలుగు చక్రాల బండిని అతని జీతంతోనే కొనుక్కోమనండి. ఆ పని తాతగారి జీపు మీద మోపడం న్యాయం కాదు. నిదానంగా, గంటకు 50 కిలోమీటర్లకు మించకుండా, సాగరు కట్ట మీదుగా జరిగే ఏ ప్రదర్శనకో దానిని నడిపించుకు వెళ్ళే రోజు రావాలని, అప్పటికి పుస్తకంలో వ్రాసి ఉన్న ఇంజన్ నంబరే బండిలో కూడా ఉండాలని కోరుకొంటున్నాను.

పాఠకులలో ఎవరి ఇంటనైనా ఇటువంటి బండి ఉంటే, దాని చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇప్పటి స్థితి వివరిస్తూ ఈ శీర్షికకు వ్రాయగలరు. విడిభాగాల విషయంలో ఒకరికొకరు సాయపడగలము. వచ్చే సంచికలో ఇంటి ఇన్వర్టరు బ్యాటరీల నిర్వహణ గురించి ముచ్చటించుకొందాము.